దారి చూపి బయటికొచ్చే తీగ

హైదరాబాదులో ఎవరింటికి పరామర్శకు వెళ్లినా ‘రెండు స్టంట్లు పడ్డయి’ అనే మాట వినిపిస్తుంది. మూసుకుపోయిన ధమనిని తెరిచి ఉంచే చిన్న జాలి గొట్టం స్టెంటే జనం నోట స్టంటైంది. డిశ్చార్జి బిల్లులో దాని కిందే ‘గైడ్ వైర్’ అని ఇంకో పద్దు కనబడుతుంది. ఒంట్లో మిగలని తీగకు ఇంత సొమ్మేమిటని అడగాలనిపించడం సహజమే.

లంగా నేఫాలోకి బొందు ఎక్కించినవాళ్లకు ఆ తీగ పని చప్పున అర్థమవుతుంది. మెత్తటి బొందును నెడితే ముడుచుకుపోతుంది. పిన్నీసుకు గుచ్చి తోస్తే చుట్టూ తిరిగి అవతల తేలుతుంది. రక్తనాళాల్లోకి పంపే మెత్తటి కాథెటర్ గొట్టానిదీ అదే ఇబ్బంది. అయితే ఇక్కడ తీగ ముందు వెళ్తుంది, గొట్టం దాని మీదుగా జారుకుంటూ వెనకాల వస్తుంది.

1929లో జర్మన్ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి సిరలోంచి మూత్రనాళపు గొట్టాన్ని గుండె దాకా తోసుకుని, ఎక్స్‌రే గదికి నడిచివెళ్లాడు. (ఉద్యోగం పోయింది, నోబెల్ 1956లో వచ్చింది.) ధమనిలోకి వెళ్లాలంటే మాత్రం చాలాకాలం రెండే దారులు: గొట్టం పట్టేంత లావు సూది గుచ్చడం, లేదా చర్మం కోసి ధమనిని బయటపెట్టడం. స్వీడన్ రేడియాలజిస్టు స్వెన్ ఇవార్ సెల్డింగర్ 1953లో ఆ చిక్కు విప్పాడు. సన్న సూది గుచ్చు, అందులోంచి తీగ పంపు, సూది తీసెయ్, తీగ మీదుగా గొట్టం ఎక్కించు. ఇంతే. ఐసీయూలో మెడ దగ్గర పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ అనే గొట్టం వేసేదీ ఈ పద్ధతిలోనే.

1964 జనవరిలో అమెరికాలో చార్లెస్ డాటర్ అనే వైద్యుడు, కాలు తీయించుకోనని పట్టుబట్టిన 82 ఏళ్ల వృద్ధురాలి తొడ ధమనిని తీగ, గొట్టాలతోనే వెడల్పు చేశాడు. గిటార్ తీగలనూ, కారు స్పీడోమీటర్ కేబుల్‌నూ గైడ్ వైర్లుగా మలిచిన మనిషాయన. 1977లో జ్యూరిక్‌లో గ్రుయెంట్‌జిగ్ అనే వైద్యుడు, లోపల ఉబ్బి నాళాన్ని వెడల్పు చేసే బెలూన్‌ను గుండె ధమనికే తీసుకెళ్లాడు.

గుండెకు వాడే తీగ మందం 0.014 అంగుళం, అంటే మిల్లీమీటరులో మూడో వంతు కాస్త దాటుతుంది. లోపల ఉక్కు లేదా నిటినాల్ (నికెల్, టైటానియం మిశ్రమం) కడ్డీ, చివరికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. కొన చుట్టూ మెత్తటి స్ప్రింగు. వెనక బిగువు లేకపోతే డాక్టరు వేళ్ల తిప్పుడు కొన దాకా చేరదు. కొన బిరుసైతే నాళానికి చిల్లు పడుతుంది. దీని తయారీలో పనితనమంతా ఆ సన్నబడే చోటే ఉంది.

మన ఊరి చూపెప్పుడూ స్టెంటు మీదే. 1990లలో క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, ఇక్కడి హృద్రోగ నిపుణుడు సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంటు తెచ్చారు. నగర శివారు సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో 2023లో స్టెంట్ల ఫ్యాక్టరీయే మొదలైంది.

ధరల నియంత్రణా అటే నడిచింది. 2017 ఫిబ్రవరిలో మందుల ధరలు నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ మందుపూత స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. అంతకుముందు లక్ష దాటి అమ్మినవీ ఉన్నాయి. గైడ్ వైర్, బెలూన్ ఆ పరిమితిలోకి రాలేదు. స్టెంటు మీద తగ్గింది వీటి మీద ఎక్కుతోందన్న అనుమానం రోగులకు కలిగిందంటే తప్పు పట్టలేం. 2018లో పరిమితిని సవరించినప్పుడు కాథెటర్, బెలూన్, గైడ్ వైర్‌లను బిల్లులో విడిగా చూపాలన్నారు. వైద్య పరికరాలన్నీ చట్టం లెక్కలో మందుల కిందికి వచ్చిన 2020 ఏప్రిల్ నుంచి తీగ ఎమ్మార్పీని ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదు. ఆ మొదటి ఎమ్మార్పీ ఎంతుండాలో నిర్ణయించుకునేది మాత్రం కంపెనీయే.