అచ్చు ఎవరిది? కృష్ణలో ఫైబర్ పడవల గొడవ వెనుక కథ

కృష్ణలో వేటకెళ్లే నాటు (కర్ర) పడవల స్థానంలో ఫైబర్ పడవలు రావాలా అన్న మాట బెజవాడలో మళ్లీ లేచింది. అసలు మలుపు మాత్రం సముద్రం ఒడ్డున మొదలైంది.

2004 డిసెంబర్ 26 సునామీలో తెప్పలు, నావలు పోగొట్టుకున్నవాళ్లకు సాయంగా ఫైబర్ పడవలు పెద్ద సంఖ్యలో వచ్చాయి. అంతకుముందూ ఫైబర్ ఉంది. కానీ జాలరి అడిగి చేయించుకునే పడవ, ఎవరో ఇస్తే తీసుకునే పడవగా మారింది అప్పుడే.

ఫైబర్ పనికి అచ్చే ప్రాణం. అచ్చుకు మైనం రాసి, జెల్‌కోటు అనే పైపూత పూసి, గాజునార చాపలు పరిచి రెజిన్ అనే జిగురు పట్టిస్తారు. ఒక్క అచ్చుతో పడవలు వరసగా దిగుతాయి, అన్నీ ఒకే కొలత. లెక్క రాసుకునే ఆఫీసుకూ అదే సుఖం. కర్రకు నీళ్లు పట్టే బాధ, పలకల సందుల్లో ఏటా దూది కూరే బాధ తప్పుతాయని అమ్మేవాళ్లు చెప్పేది నిజమే.

నది మీద బతికేవాళ్ల మాట వేరు. ప్రకాశం బ్యారేజీ ఎగువన నిండు నీళ్లు, దిగువన యనమలకుదురు వైపు వరద లేని రోజుల్లో ఇసుక మేటలు. అక్కడ గడ వేసి నెట్టుకుపోవాలంటే అడుగు బల్లపరుపుగా ఉండాలి. అలల్ని చీల్చడానికి కోసుగా చేసిన సముద్రపు అచ్చులో దిగిన పడవ మేట మీద ఒరిగిపోతుంది. రాయి తగిలి పైపూత పగిలితే నీరు పొరల్లోకి దిగుతుంది. కర్ర పడవైతే ఊళ్లో వడ్రంగే పలక మారుస్తాడు. నది జాలర్లు ఫైబర్ వద్దనడం లేదు. తమ పాత పడవనే నమూనాగా పెట్టి, దాని మీదే అచ్చు తీయమంటున్నారు. అది సాధ్యమే, మామూలుగా చేసే పనే.

ఈలోగా వాదనలోకి భద్రత వచ్చింది. 2017 నవంబర్ 12న పవిత్ర సంగమం దగ్గర బోల్తాపడి ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసింది టూరిస్టు బోటు. 2024 సెప్టెంబర్ మొదట్లో, 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో, బ్యారేజీ గేట్ల మీదికి కొట్టుకొచ్చినవి ఇనుప బోట్లు. రెండుసార్లూ నాటు పడవ తప్పేమీ లేదు. అయినా 'పాత పడవలు తీసేయాలి' అన్న మాట వాటికే తగులుతోంది!

పాత పడవ మీద అచ్చు తీయమన్న మాటకు, కొద్దిపాటి ఆర్డర్లకు కొత్త అచ్చు గిట్టుబాటు కాదన్నది తయారీదారుల జవాబు. 2020లో వచ్చిన కేంద్ర పథకం మత్స్య సంపద యోజనలో జనరల్ వర్గానికి సబ్సిడీ 40 శాతం, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 60. మిగతాది జాలరే పెట్టుకోవాలి, లేదా అప్పు తేవాలి. అంత డబ్బు పెట్టే పడవకు అడుగు ఎలా ఉండాలో చెప్పే హక్కు తమకు లేదా అన్నదే వాళ్ల ప్రశ్న.