సోలెదాద్ అకోస్తా దె సంపేర్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో కొన్నేళ్లుగా స్పానిష్ బోధిస్తూ, ఆ భాషలోని కథలను తెలుగులోకి తెచ్చే పనిలో ఉన్నాను. కొలంబియా ప్రస్తావన వచ్చినప్పుడల్లా విద్యార్థుల నుంచి, సభల్లో కలిసే సాహిత్యమిత్రుల నుంచి కొన్ని మాటలు నాకు పదేపదే వినిపిస్తూ ఉంటాయి. సోలెదాద్ అకోస్తా దె సంపేర్ అనే రచయిత్రి విషయంలో వాటిలో చాలా మాటలు నిలబడవు. ఆమె 1833 మే 5న కొలంబియా రాజధాని బొగొతాలో పుట్టి, 1913 మార్చి 17న అదే నగరంలో కన్నుమూశారు. నవలలు, కథలు, చరిత్ర గ్రంథాలు, జీవితచరిత్రలు రాశారు, పత్రికలు స్థాపించి నడిపారు, స్త్రీవిద్య కోసం దశాబ్దాల పాటు వాదించారు. ఇంత పని చేసిన మనిషిని ఒక వాక్యంలో తేల్చేయడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అందుకే ఆ మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని, నాకు తెలిసిన వాస్తవాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నోబెల్ పొందిన నవలాకారుడు గార్సియా మార్కెస్‌కు ముందు కొలంబియాలో చెప్పుకోదగ్గ సాహిత్యం లేదు.

దీనికి జవాబు చెప్పడం తేలిక. లాటిన్ అమెరికా అంతటా తరతరాలు చదువుకున్న హోర్హె ఇసాక్స్ నవల 'మరీయా' 1867లో బొగొతాలో అచ్చయింది. సోలెదాద్ నవలిక 'దొలోరెస్' కూడా అదే ఏడాది ఒక పత్రికలో ధారావాహికగా వచ్చింది. అమెరికా ఖండాల్లో స్పానిష్ భాష కోసం ఏర్పడిన మొదటి అకాడమీ 1871లో బొగొతాలోనే పుట్టింది. ఇక మిగిలినవన్నీ కాస్త నిదానంగా మాట్లాడవలసిన విషయాలు.

అపోహ: భర్త పెద్ద రచయిత, రాజకీయవేత్త కాబట్టే ఆమెకు పేరు వచ్చింది.

ఆమె భర్త హోసే మరీయా సంపేర్ ఆనాటి కొలంబియాలో పేరున్న పాత్రికేయుడు, రాజకీయవేత్త అన్నది నిజమే. అయితే ఆమె చదువు ఆయన పరిచయం కాకముందే పూర్తయింది. ఆమె తండ్రి హోఆకీన్ అకోస్తా సైన్యాధికారి మాత్రమే కాదు, భూగోళ శాస్త్రంలోనూ చరిత్రలోనూ పరిశోధన చేసిన పండితుడు. తల్లి కరోలినా కెంబ్లేది ఆంగ్లం మాట్లాడే కుటుంబం. పన్నెండేళ్ల వయసులో సోలెదాద్‌ను కెనడాలోని హాలిఫాక్స్‌లో ఉన్న అమ్మమ్మ దగ్గరికి పంపారు. తరువాత పారిస్‌లో చదువుకుని 1850లో స్వదేశం చేరేనాటికి ఆమె స్పానిష్, ఆంగ్లం, ఫ్రెంచి మూడూ ధారాళంగా చదివి రాయగలిగేవారు. ఆనాటి బొగొతాలో ఆడపిల్లలకే కాదు, చాలామంది మగపిల్లలకు కూడా అంత చదువు దొరకలేదు.

1853 సెప్టెంబరు నుంచి 1855లో పెళ్లి జరగడానికి ముందురోజు దాకా ఆమె రాసుకున్న దినచర్య నేడు పుస్తకరూపంలో దొరుకుతుంది. దాన్ని ప్రేమలో పడిన అమ్మాయి డైరీ అని తేలిగ్గా చెబుతూ ఉంటారు. ప్రేమ అందులో ఉన్నది. దానితోపాటు 1854 ఏప్రిల్‌లో మెలో అనే జనరల్ తిరుగుబాటు చేసి అధికారం చేజిక్కించుకున్న నాటి నుంచి డిసెంబరులో రాజధాని మళ్లీ రాజ్యాంగపక్షం చేతికి వచ్చేదాకా, యుద్ధం నడుమ బతుకుతున్న ఒక యువతి భయమూ ఆలోచనా కూడా ఉన్నాయి. తాను ఏమీ చేయలేక కూర్చోవలసి వస్తున్నదన్న అసహనం ఆ పేజీల్లో కనిపిస్తుంది. తరువాత ఆమె రాసిన చారిత్రక రచనలకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

భర్త పాత్ర ఎంత అన్నది తేల్చుకోవడానికి 1869లో బెల్జియంలోని ఘెంట్ నగరంలో అచ్చయిన ఆమె మొదటి సంపుటం చూస్తే చాలు. దక్షిణ అమెరికా జీవితం గురించిన నవలలు, చిత్రణలు అందులో ఉన్నాయి. ముఖపత్రం మీద ఆమె పూర్తి పేరు ఉన్నది. అంకితం తండ్రి స్మృతికి. ఆ తరువాత భర్త రాసిన ముందుమాట వస్తుంది. తన భార్య తల్లిగా మాత్రమే కాక, దేశపు బిడ్డగా కూడా తాను మోసే పేరుకు తగినదిగా ఉండాలనుకున్నదనీ, స్త్రీ కావడం వల్ల దేశానికి మరో రకమైన సేవ చేసే వీలు లేక సాహిత్యాన్ని ఎంచుకున్నదనీ ఆయన అందులో వివరిస్తారు. నేను విద్యార్థులచేత ఆ పేజీని ఎప్పుడూ రెండుసార్లు చదివిస్తాను. మొదటిసారి చదివినప్పుడు భర్త అనుమతిపత్రం ఇస్తున్నట్టు అనిపిస్తుంది. రెండోసారి చదివినప్పుడు, ప్రతిభ ఉన్న ఒక మనిషికి దేశం మూసేసిన తలుపుల జాబితా ఆ వాక్యంలోనే ఉన్నదని తెలుస్తుంది. 1870ల మధ్యలో ఆయన రాజకీయ కారణాల వల్ల జైలుకు వెళ్లినప్పుడు, కుటుంబాన్ని పోషించడానికి ఆమె వ్యాపారం కూడా చేశారు. 1888లో ఆయన మరణించాక ఆమె మరో పాతికేళ్లు బతికారు. ఆ పాతికేళ్లూ రాస్తూనే ఉన్నారు.

అపోహ: మారుపేర్లతో రాసింది కాబట్టి భయపడుతూ, చాటుగా రాసింది.

1858 తరువాత యూరప్‌లో ఉన్నప్పుడు ఆమె బొగొతా పత్రికలకూ, పెరూ రాజధాని లీమాలోని 'ఎల్ కొమేర్సియో' పత్రికకూ 'అందీనా' అనే పేరుతో వ్యాసాలు పంపేవారు. అందీనా అంటే ఆండీస్ కొండల అమ్మాయి అని అర్థం. తరువాత 'బెర్తిల్దా', 'రెనాతో', 'అల్దెబరాన్' వంటి పేర్లు కూడా వాడారు. వీటిలో బెర్తిల్దా ఆమె పెద్ద కూతురి పేరు, రెనాతో మగవాడి పేరు, అల్దెబరాన్ రోహిణీ నక్షత్రం పేరు. ఆనాటి పత్రికల్లో మగవాళ్లు కూడా మారుపేర్లతో రాయడం మామూలే. ఒకే రచయిత్రి ఒకే పత్రికలో పలు గొంతులతో మాట్లాడడానికి ఆ పేర్లు ఉపయోగపడ్డాయి. స్త్రీకి ఉండే సంకోచం అందులో బొత్తిగా లేదని నేను అనను, కానీ 1869 నాటికే సొంత పేరును ముఖపత్రానికి ఎక్కించిన మనిషిని జీవితాంతం చాటున దాక్కున్నదని చెప్పడం సరికాదు.

అపోహ: ఆమె రాసినవన్నీ సుకుమారమైన ప్రేమకథలు.

ఈ మాట అనేవారు 'దొలోరెస్' చదవలేదని నాకు వెంటనే అర్థమవుతుంది. కథ ఒక పల్లెలో పండుగ సందడితో మొదలవుతుంది. గుర్రం మీద వెళుతున్న అందమైన అమ్మాయిని చూసి ఆంతోనియో అనే యువకుడు ముగ్ధుడవుతాడు. తెల్లని మేనిఛాయ, బుగ్గల మీద గులాబి రంగు అందరూ మెచ్చుకునేవే. అయితే వైద్యుడైన పెద్దాయన ఒకరు ఆ రంగునే చూసి కలవరపడతారు. పాఠకుడు అందం అనుకున్నదే కుష్ఠువ్యాధి తొలి లక్షణం. ఎప్పుడో చనిపోయాడనుకున్న ఆమె తండ్రి నిజానికి అదే వ్యాధితో ఊరికి దూరంగా దాక్కుని బతికాడని తరువాత తెలుస్తుంది. ఈ నవలిక వచ్చేనాటికి ఆ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవి సంగతి లోకానికి తెలియదు. నార్వే వైద్యుడు హాన్సెన్ దాన్ని గుర్తించినది 1873లో. వ్యాధి వంశపారంపర్యంగా వస్తుందన్న భయం అప్పటి సమాజంలో ఎంత గట్టిగా ఉండేదో ఈ కథలో తెలుస్తుంది.

రచనా నైపుణ్యం మొత్తం కథ చెప్పే గొంతును మార్చడంలో ఉన్నది. మొదట కథ చెప్పేది దొలోరెస్ బంధువు పేద్రో. అతను వైద్యం చదువుకుంటున్నవాడు. తరువాత దొలోరెస్ ఉత్తరాలు కథలోకి వస్తాయి. చివరి భాగంలో పేద్రో పక్కకు తప్పుకుని, అడవిలో ఒంటరిగా బతుకుతున్న దొలోరెస్ దినచర్యలోని తునకలు మాత్రమే మిగులుతాయి. శరీరం శిథిలమవుతున్న కొద్దీ ఆమె మాటకు బలం పెరుగుతుంది. మొదటి పేజీలో మగవాళ్లు చూసి మెచ్చుకున్న అమ్మాయి, చివరి పేజీల్లో తనను గురించి తానే రాసుకునే మనిషి అవుతుంది. స్పానిష్ అమెరికాలో 19వ శతాబ్దపు కథనాల్లో ఇంత ఆలోచించి కట్టిన నిర్మాణం నాకు అరుదుగా కనిపించింది.

ఈ నవలికను తెలుగు చేసేటప్పుడు నాకు ఎదురైన ఒక చిక్కు కూడా ఇక్కడ చెప్పాలి. నవలలో కుష్ఠురోగిని 'లాసరో' అంటారు. బైబిలులోని లాజరు పేరు నుంచి వచ్చిన మాట అది. దాన్ని అలాగే ఉంచుదామని మొదట అనుకున్నాను. కానీ మన దగ్గర లాజరు అన్నది ఎన్నో క్రైస్తవ కుటుంబాలు ప్రేమగా పెట్టుకునే పేరు, దానికి ఆ వ్యాధిని అంటగట్టడం నాకు సమ్మతం కాలేదు. చివరికి ఆ మాటను వదిలి 'పెద్దరోగం' అన్నాను, ఎందుకంటే ఊళ్లో గొంతు తగ్గించి చెప్పుకునే మాట అదే. దొలోరెస్ అన్న పేరుకు మాత్రం సరైన తోడు దొరికింది. స్పానిష్‌లో ఆ పేరు వ్యథలను భరించిన మరియమ్మ పేరు మీదుగా వచ్చినది, తెలుగు కథోలికులు వ్యాకులమాత అని పిలిచేది ఆ తల్లినే.

అపోహ: ఏ బడీ పెట్టని మనిషిని విద్యావేత్త అనడం అతిశయోక్తి.

ఈ ప్రశ్న నన్ను అడిగినవారు చాలామంది. విద్యావేత్త అనగానే మనకు తరగతి గది, నల్లబల్ల గుర్తుకు రావడం సహజం. అయితే బొగొతాలోనూ దూరపు పట్టణాల్లోనూ ఇంటిపట్టున ఉండిపోయిన, బడి చదువు అరకొరగా సాగిన స్త్రీలకు చదువు చేరవేయాలంటే ఆనాడు ఉన్న మార్గాల్లో పత్రిక ముఖ్యమైనది. 1878లో ఆమె 'లా ముహేర్', అంటే 'స్త్రీ', అనే పక్షపత్రిక ప్రారంభించారు. దాని ముఖపత్రం మీదనే, ఈ పత్రిక పూర్తిగా స్త్రీలే రాసేదని ప్రకటించారు. 1881 దాకా నడిచిన ఆ పత్రికలో నవలలు ధారావాహికలుగా వచ్చాయి, చరిత్ర వచ్చింది, స్త్రీల చదువు గురించిన వ్యాసాలు వచ్చాయి. చాలా భాగం స్వయంగా ఆమే రాశారు. ఆ తరువాత కూడా ఆమె ఒకదాని వెంట ఒకటిగా కుటుంబ పత్రికలు పెట్టారు. చివరిది పెట్టేనాటికి ఆమె వయసు డెబ్బై దాటింది. పిల్లల కోసం ప్రశ్నోత్తరాల రూపంలో కొలంబియా చరిత్ర పాఠ్యపుస్తకం కూడా రాశారు.

ఆమె వాదన అన్నిటికన్నా సూటిగా వినిపించినది 1892లో. కొలంబస్ యాత్రకు నాలుగు వందల ఏళ్లు నిండిన సందర్భంగా స్పెయిన్‌లో జరిగిన అంతర్జాతీయ సభలకు ఆమె ప్రతినిధిగా వెళ్లారు. అక్కడి విద్యా మహాసభకు సమర్పించిన పత్రంలో, అన్ని వృత్తులూ చేపట్టగల సామర్థ్యం స్త్రీకి ఉన్నదని శీర్షికలోనే తేల్చి చెప్పారు. 1895లో పారిస్‌లోని గార్నియే సంస్థ అచ్చువేసిన 'ఆధునిక సమాజంలో స్త్రీ' అనే గ్రంథం ఆ వాదనకు ఆధారాల సంపుటి. సేవ, వైద్యం, కళలు, రచన వంటి రంగాల్లో సొంత శ్రమతో నిలబడిన స్త్రీల జీవితాలను వరుసగా చెప్పి, పెళ్లి ఒక్కటే స్త్రీకి గతి అనుకోనవసరం లేదని యువతులకు ఉదాహరణలతో చూపించడం దాని ఉద్దేశం. కొలంబియాలో విశ్వవిద్యాలయాల తలుపులు స్త్రీలకు తెరుచుకున్నది 1930లలో, ఓటు హక్కు వచ్చినది 1954లో అన్నది పక్కన పెట్టుకుని చూస్తే, ఆమె ఎంత ముందుగా మాట్లాడారో తెలుస్తుంది.

అపోహ: ఆమె నేటి అర్థంలో స్త్రీవాది. (దీని జంట అపోహ: ఆమె వట్టి ఛాందసురాలు.)

ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోమని నన్ను తొందరపెడుతూ ఉంటారు. నేను ఎంచుకోను. ఆమె గాఢమైన కథోలిక విశ్వాసి. కుటుంబం, మతం, నీతి సమాజానికి పునాదులని జీవితాంతం నమ్మారు. స్పానిష్ అమెరికాలో రచయిత్రి కర్తవ్యం ఏమిటన్న తన ప్రసిద్ధ వ్యాసంలో, సమాజాన్ని నైతికంగా తీర్చిదిద్దే బాధ్యతను రచయిత్రి చేతికి అప్పగించారు. ఈ మాట నేటి పాఠకురాలికి పాతకాలపుదిగా వినిపించవచ్చు. కానీ మగవాళ్లు పార్టీలుగా చీలి ఒకరి మీద ఒకరు యుద్ధాలు చేసుకుంటున్న దేశంలో, సాహిత్యం ద్వారా దేశాన్ని నిలబెట్టే పని స్త్రీలదని చెప్పడం ఆ కాలానికి చిన్న కోరిక కాదు. ఆమె చదువు, ఉపాధి, రచన అనే మూడింటినీ స్త్రీలకు కావాలన్నారు, అడిగినది తన విశ్వాసం లోపల నిలబడి. ఆమెను మన వైపు లాక్కోవడానికి ఈ సగాన్నో ఆ సగాన్నో కత్తిరించడం ఆమె పట్ల అన్యాయం.

అపోహ: రచనల్లో పస లేకనే మరుగున పడింది.

బతికున్నప్పుడు ఆమెను ఎవరూ మరిచిపోలేదు. కొలంబియా చరిత్ర అకాడమీ ఆమెను గౌరవ సభ్యురాలిగా స్వీకరించింది. మరుపు తరువాత వచ్చింది. రచనల్లో అధిక భాగం పత్రికల పాత సంచికల్లోనే ఉండిపోయి, పునర్ముద్రణ లేక, సాహిత్య చరిత్రల్లో ఒక్క పేరాకు కుదించుకుపోయింది. 1988లో సాహిత్య విమర్శకురాలు మోంత్సెరాత్ ఓర్దోన్యెస్ ఆమె రచనలను కొత్త చూపుతో మళ్లీ అచ్చులోకి తెచ్చాక పరిస్థితి మారడం మొదలైంది. యవ్వనంలో రాసిన దినచర్యను పరిశోధకురాలు కరోలీనా అల్సాతె 2003లో ప్రచురించారు. శతవర్ధంతి సందర్భంగా కొలంబియా సాంస్కృతిక శాఖ 2013ను ఆమె సంవత్సరంగా జరిపింది.

స్పానిష్ కొంత వచ్చినవారు ఏది ముందు చదవాలని అడిగితే 'దొలోరెస్' అనే చెబుతాను. చిన్నది, రెండు మూడు రోజుల్లో పూర్తవుతుంది, వాక్యాలు కూడా మరీ కఠినంగా ఉండవు. ఆ తరువాత దినచర్య, దాని తరువాత 1895 నాటి జీవితచరిత్రలు. 'లా ముహేర్' పాత సంచికలు స్కాన్ రూపంలో దొరికితే మాత్రం కథ దగ్గరికి నేరుగా వెళ్లకుండా, ముందు ఒక సంచికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేయండి. నవల భాగం పక్కనే చరిత్ర పాఠం, ఆ పక్కన విజ్ఞాన వ్యాసం ఉంటాయి. పదిహేను రోజులకొకసారి ఒక ఇంటికి ఏమి చేరాలని ఆమె అనుకున్నారో ఆ పేజీల వరుసలోనే కనిపిస్తుంది.