మన చెరువు అంచున తుంగ

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో చెరువు గట్టు దిగి మీరు కోసుకొచ్చిన కాడను చూపించి, "ఈ గడ్డి గుండ్రంగా లేదేం తాతయ్యా?" అని అడిగారు. ఆనాడు బస్సుకు వేళయి, సరిగా చెప్పలేకపోయాను.

అది గడ్డి కాదు, తుంగ. వరి దుబ్బులో ఒక కాడ తీసి చూడండి, గుండ్రంగా ఉంటుంది, నడుమ నడుమ కణుపులు ఉంటాయి, కణుపుల మధ్య డొల్లగా ఉంటుంది. తుంగకాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించబోతే మూడు పలకలు తగిలి ఆగిపోతుంది. మొదలు నుంచి పూగుత్తి దాకా కణుపే కనబడదు, లోపల మెత్తని బెండు ఉంటుంది. ఈజిప్టువారు పూర్వం రాతకు వాడిన పపైరస్ కూడా ఈ కుటుంబానిదే. తుంగచాపలు అల్లేది ఇలాంటి కాడలతోనే.

పొలంలో మొలిచే తుంగముస్తను చూసి రైతు విసుక్కోవడం న్యాయమే. పైన ఎంత పీకినా, మట్టిలో గొలుసులా అల్లుకున్న గడ్డల నుంచి మళ్లీ మొలుస్తుంది. ఆయుర్వేదంలో వాడే ముస్తలు ఆ సువాసన గడ్డలే. కానీ చెరువు తుంగను అదే కోపంతో చూడకూడదు.

దాని చోటు నీరూ నేలా కలిసే అంచు. వానలకు గెడ్డ (వాగు) పొంగి చెరువు నిండితే ఆ అంచు మునుగుతుంది, ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది. గాలి ఆడని బురదలో వేళ్లు బతకడానికి కావలసిన గాలి ఆ బెండులోని ఖాళీల గుండానే కిందికి దిగుతుంది. పైన ఎండిపోయినా, నేలలోని దుంప తొలకరికి చిగురిస్తుంది. కాడల మధ్య చేపపిల్లలు దాక్కుంటాయి. నీటిలో పెరిగిన తూనీగ పిల్ల ఒక కాడ ఎక్కి, వీపు చీల్చుకుని రెక్కలతో బయటికొస్తుంది. ఆ ఖాళీ డొల్ల కాళ్లతో కాడను పట్టుకునే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద కొంగల గూళ్లు చూసి మురిసిపోయాం కదా, వాటి పిల్లల ఆకలి తీరేది ఇలాంటి లోతులేని నీళ్ల చేపలతోనే.

కొన్నేళ్ల కిందట పూడిక తీసినప్పుడు, అంచున తుంగనంతా యంత్రంతో గీకేశారు. పూడిక తీయవలసిందే, కాదనను. కానీ మరుసటి వానాకాలం అలల తాకిడికి గట్టు లోపలివైపు మట్టి పెళ్లలు పెళ్లలుగా జారింది, వేళ్లతో పట్టి ఉంచేదే లేకపోయింది. మదుం (చెరువు తూము) పక్కన మిగిలిన ఒక్క దుబ్బు నుంచే ఇప్పటి తుంగంతా పాకింది.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ దుబ్బు దగ్గర కాస్త మట్టి తీసి, దుంపలు చూపించి, మళ్లీ కప్పేద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య