చెడిపోయిన పార్ట్ విప్పి వెనక్కి ఇవ్వడం: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్ రిపేర్ పనిలో నాకు బాగా బాధనిపించేది ఇది. పార్ట్‌కి వారంటీ ఉంటుంది, బిల్లు కూడా భద్రంగా ఉంటుంది, లోపం నిజంగా కంపెనీదే, అయినా సర్వీస్ సెంటర్ వాళ్లు "ఫిజికల్ డ్యామేజ్" అని రాసి తిప్పి పంపేస్తారు. చూస్తే ఆ డ్యామేజ్ ఇంట్లో విప్పేటప్పుడో, కొరియర్‌లోనో జరిగి ఉంటుంది. ఎలాగూ పోయిందే కదా అని ఎలా పడితే అలా పట్టుకుంటారు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, వెనక్కి ఇచ్చేదాకా దాన్ని కొత్త పార్ట్‌లాగే చూసుకోవాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ల నోట తరచుగా వినే మాటలు కొన్ని కింద రాస్తున్నాను.

అపోహ: షట్‌డౌన్ చేశాం కదా, ఇక విప్పొచ్చు.

ప్లగ్ ఉండి స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) నుంచి మదర్‌బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై సప్లై వెళ్తూనే ఉంటుంది. కొన్ని బోర్డుల మీద చిన్న లైటు వెలుగుతూ కనిపించేది అందుకే. ఆ స్థితిలో ర్యామ్ లాగితే బాగున్న బోర్డు కూడా పోవచ్చు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, తర్వాత పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, బోర్డులో మిగిలిన ఛార్జి దిగిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే వెనక మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఆ తర్వాతే మిగతావి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం తెరవకండి. ఇంట్లోకి వచ్చే 230 వోల్టుల ఏసీ దాని లోపల సుమారు 325 వోల్టుల డీసీ అయి పెద్ద కెపాసిటర్‌లో నిలవ ఉంటుంది, యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరుని సరిదిద్దే సర్క్యూట్) ఉన్న వాటిలో ఇంకా ఎక్కువ. ప్లగ్ తీసినా అది వెంటనే దిగదు. ప్రాణం తీసే వోల్టేజీ అది, పైగా సీలు తెరిస్తే వారంటీ కూడా దాదాపు పోయినట్టే.

అపోహ: క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది, ఎస్‌ఎంపీఎస్ పోయింది, మార్చేయాలి.

చాలాసార్లు పోయింది ఎస్‌ఎంపీఎస్ కాదు, మీ ఇంటి ఎర్తింగ్. ఎస్‌ఎంపీఎస్‌లో ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిగా లీకేజీ కరెంటు బాడీకి చేరుతుంది, అది మూడో పిన్ను గుండా భూమిలోకి పోవాలి. ఎర్త్ వైరు లేకపోతే సప్లైలో సుమారు సగం వోల్టేజీ బాడీ మీద నిలబడుతుంది, టెస్టర్ పెడితే వెలుగుతుంది, వేళ్లకి జివ్వుమంటుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టినా అదే జరుగుతుంది. కాబట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్ చూపించండి. ఎర్తింగ్ సరిగ్గా ఉండి కూడా షాక్ కొడితే, లేదా ప్లగ్ పెట్టగానే ట్రిప్ అయితే, అప్పుడు మాత్రం దాన్ని వాడటం ఆపేసి రిటర్న్ చేయండి.

అపోహ: స్టాటిక్ (ఒంటి మీద పేరుకునే విద్యుత్ ఛార్జి) అంటూ ఊరికే భయపెడతారు.

మన వేలికి చిటుక్కుమని తెలియాలంటేనే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. కొన్ని సున్నితమైన చిప్‌లు 100 వోల్టులకే దెబ్బతింటాయి, అంటే మనకి ఏమీ తెలియకుండానే నష్టం జరిగిపోతుంది. విశాఖలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి కొంత నయం. హైదరాబాద్ చలికాలంలో, ఏసీ గదుల్లో గాలి పొడిబారినప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. రిస్ట్ స్ట్రాప్ (స్టాటిక్ దిగిపోయేలా మణికట్టుకి కట్టుకునే పట్టీ) ఉంటే మంచిది, లేకపోతే మధ్యమధ్యలో క్యాబినెట్‌లో పెయింట్ లేని ఇనుము భాగాన్ని ముట్టుకుంటూ పని చేయండి, బోర్డుని అంచులతోనే పట్టుకోండి.

ప్యాకింగ్‌లోనే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. గులాబీ రంగు కవరు తాను స్టాటిక్ పుట్టించదు, అంతవరకే, బయటినుంచి వచ్చేదాన్ని ఆపలేదు. ఆపేది లోహపు పొర ఉన్న వెండి రంగు కవరు. పార్ట్ కొన్నప్పుడు వచ్చిన ఆ కవరుని దయచేసి పారేయకండి. మామూలు బబుల్ ర్యాప్, థర్మాకోల్ బోర్డుకి నేరుగా తగలకూడదు, రెండూ స్టాటిక్ పుట్టిస్తాయి. ముందు వెండి కవరు, దాని బయట బబుల్ ర్యాప్, ఆ పైన గట్టి అట్టపెట్టె. ఆ వెండి కవరు మీదే బోర్డు పెట్టి ఆన్ చేసి చూసేవాళ్లు కూడా ఉన్నారు. అందులో ఉన్నది లోహం, షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. టెస్టింగ్‌కి అట్టపెట్టె చాలు.

అపోహ: మదర్‌బోర్డు రిటర్న్‌కి ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మీది ప్లాస్టిక్ మూత అక్కర్లేదు.

వారంటీ పోగొట్టుకునేవాళ్లలో చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో 1,700 సన్నని పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, ఏఎండీ ఏఎం5లో 1,718. ప్రాసెసర్ తీసేశాక వేలు తగిలినా, గుడ్డ పోగు చిక్కుకున్నా అవి వంగిపోతాయి. మూత లేకుండా వచ్చిన బోర్డుని చాలా సర్వీస్ సెంటర్లు తీసుకోవు. మూత పెట్టే ముందు మంచి వెలుతురులో పిన్నుల ఫోటో, సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి, కౌంటర్‌లో అప్పగించేటప్పుడు కూడా వాళ్ల ఎదుటే మూత తీయించి చూపించండి. రేపు మాట వస్తే మీకు ఆధారం అదే.

ఏఎండీ పాత సాకెట్ ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉంటాయి. అక్కడ ప్రమాదం కూలర్ తీసేటప్పుడు. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్టు ఎండి అతుక్కుపోయి ఉంటే, నేరుగా పైకి లాగినప్పుడు సాకెట్ లివర్ వేసి ఉండగానే ప్రాసెసర్ కూలర్‌తో పాటు ఊడి వచ్చేస్తుంది. సిస్టమ్ ఆన్ అవుతుంటే కాసేపు నడిపి పేస్టుని వెచ్చబరచి, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేయండి.

అపోహ: కొత్త ఎస్‌ఎంపీఎస్ వచ్చింది, పాత కేబుళ్లే సరిపోతాయి.

వద్దు. కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లలో కేబుల్ సరిగ్గా దూరినా లోపలి వైరింగ్ ఒక్కో కంపెనీకి, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌ని బట్టి కూడా మారుతుంది. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే డిస్కులన్నీ ఒకేసారి పోతాయి.

అపోహ: ఫార్మాట్ చేశాను, హార్డ్‌డిస్క్ నిశ్చింతగా ఇచ్చేయొచ్చు.

క్విక్ ఫార్మాట్‌తో చాలావరకు పోయేది ఫైళ్ల చిట్టా మాత్రమే, హార్డ్‌డిస్క్‌లో ఫైళ్లు అలాగే ఉంటాయి. డిస్క్ ఇంకా పనిచేస్తుంటే పూర్తిగా ఓవర్‌రైట్ చేయండి, ఎస్‌ఎస్‌డీ అయితే కంపెనీ టూల్‌తో సెక్యూర్ ఎరేజ్ (డేటా మొత్తం తుడిచేయడం) చేయండి. అసలు డిటెక్టే కాకపోతే తుడవడానికి దారి లేదు, పైగా వారంటీలో మీకు వచ్చేది వేరే డిస్క్, మీ డేటా తిరిగి రాదు. ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు, పిల్లల ఫోటోలు అందులో ఉంటే ఆ రీప్లేస్‌మెంట్ వదులుకోవడమే మేలని నేను గట్టిగా చెబుతాను.

మదర్‌బోర్డు ఇచ్చేవాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి. విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, బోర్డు మారగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ డేటా మీకే తెరుచుకోదు. బోర్డు విప్పకముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూసి కాగితం మీద రాసుకోండి.

అపోహ: ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీని మామూలుగా కొరియర్ చేయొచ్చు.

చేయకూడదు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీలని విమానాల్లో పంపడం నిషేధం. నొక్కకండి, గుచ్చకండి, ఛార్జింగ్ పెట్టకండి, సర్వీస్ సెంటర్‌కి ముందు ఫోన్ చేసి అడిగి, మీరే తీసుకెళ్లి ఇవ్వండి.

అపోహ: రీప్లేస్‌మెంట్ ఇస్తే వారంటీ మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది.

చాలా కంపెనీల్లో పాత పార్ట్‌కి మిగిలిన కాలమే కొత్తదానికీ వర్తిస్తుంది. వచ్చినది రిఫర్బిష్డ్ (పాతదాన్ని బాగుచేసినది) కూడా కావచ్చు, కాబట్టి అందుకున్న రోజే బిగించి పరీక్షించండి, కొత్త సీరియల్ నంబరుని మీ పాత బిల్లుతో కలిపి దాచుకోండి. పార్ట్ అప్పగించినప్పుడు తేదీ, సీరియల్ నంబరు, పార్ట్ ఏ స్థితిలో ఉందో రాసిన రసీదు తీసుకోనిదే కౌంటర్ దగ్గరనుంచి కదలకండి. కారణం చెప్పకుండా తిరస్కరిస్తే ఆ తిరస్కరణని రాతలో ఇమ్మనండి, అది చేతిలో పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.