బస్సు లేన్‌కు కెమెరా కాపలా: ముందు గెజిట్, ఆ తర్వాతే చలానా

తిరుమల ఘాట్ రోడ్డు తెలిసినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. అలిపిరి దగ్గర బండి బయల్దేరిన సమయం నమోదవుతుంది. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలి. అంతకన్నా ముందే చేరితే అతివేగమే. దారి పొడవునా ఎవరూ కాపు కాయనక్కర్లేదు, రెండు చివరల సమయం చాలు.

బస్సు లేన్ కెమెరా కూడా రెండు చోట్ల చూడాల్సిందే. ఎడమ అంచు వరస బస్సులకు ఇస్తే, తిరుపతి లీలామహల్ లాంటి కూడలిలో ఎడమకు తిరిగే బండ్లు కాసేపు ఆ వరసలోకి రాక తప్పదు. అందుకే కూడలికి ముందొకటి, దాటాక ఒకటి కెమెరాలు పెడతారు. రెండింటిలోనూ అదే నంబరు పడితేనే ఉల్లంఘన. ఒక్కో స్తంభానికి నంబరు ప్లేటును దగ్గరగా తీసే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో పాటు రోడ్డు మీది గీత, బోర్డు, బండి ఒకే ఫొటోలో కనిపించేలా తీసేది మరొకటి కావాలి. ఈ రెండోది లేని చలానా కోర్టులో నిలవడం కష్టం.

లండన్‌లో బస్సు లేన్లు 1968లో వచ్చాయి, స్థానిక సంస్థలు కెమెరా ఆధారంగా యజమానికే జరిమానా నోటీసు పంపే వీలు 1996 చట్టంతో కలిగింది. మధ్యలోని 28 ఏళ్లూ భారమంతా పోలీసులదే. న్యూయార్క్ 2010లో స్తంభాల మీద, 2019లో బస్సుల ముందు అద్దం దగ్గర కెమెరాలు పెట్టింది. ఇక ఢిల్లీ 2008లో బీఆర్‌టీ, అంటే బస్సులకు వేరే వరసలున్న రోడ్డు, తెరిచి కాపలాకు మార్షళ్లను నిలబెట్టింది. కార్లవాళ్ల కోపం తగ్గలేదు, 2016లో దాన్ని తొలగించారు. అహ్మదాబాద్ 2009లో లేన్‌కు రెయిలింగ్ కట్టింది, అది నిలిచింది. మన విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు పేరుకే మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీ బస్సు లేన్ కాపలా మళ్లీ మొదలుపెట్టినప్పుడు లేన్ తప్పిన బస్సు డ్రైవర్లకూ జరిమానా వేసింది. అది సబబే. బస్సు తన వరసలో లేకపోతే ఆటోవాడిని ఏమని అడుగుతాం?

మన దేశంలో కెమెరా చలానాకు ఆధారం 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిన 136ఎ సెక్షన్, దాని కింద 2021 ఆగస్టు 11న నోటిఫై చేసిన 167ఎ నిబంధన. లేన్ తప్పడం కూడా అందులోని నేరాల జాబితాలో ఉంది. 177ఎ కింద జరిమానా 500 నుంచి 1,000 రూపాయలు. పరికరానికి ఏటా ధ్రువపత్రం, కెమెరా ఉన్న దారికి ముందు హెచ్చరిక బోర్డు, 15 రోజుల్లో నోటీసు తప్పనిసరి. కెమెరాలు పెట్టాలని ఆ నిబంధన పేర్కొన్న 132 నగరాల్లో చిత్తూరు ఉంది, తిరుపతి లేదు. అలాగని తిరుపతిలో పెట్టకూడదని కాదు, ఆ జాబితా కనీస హద్దు మాత్రమే.

అసలు చిక్కు కెమెరా కన్నా ముందే ఉంది. ఒక వరసలోకి మిగతా బండ్లు రాకూడదని 115వ సెక్షన్ కింద గెజిట్‌లో ప్రకటించాలి. నెలకు మించని ఆంక్షకైతే గెజిట్ అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. ప్రయోగానికి ఆ నెల వాడుకోవచ్చు.

కెమెరా తడబడేది నంబరు ప్లేటు దగ్గరే. చూపు కోణం 30 డిగ్రీలు దాటితే అక్షరాలు నొక్కుకుపోయి 8, బి ఒకటిగా కనిపిస్తాయి. తిరుపతి ఫ్లైఓవర్ శ్రీనివాస సేతు కింద డివైడర్ వైపు నుంచి చూస్తే స్తంభాలు అడ్డొస్తాయి, కాబట్టి కెమెరా ఫుట్‌పాత్ వైపే ఉండాలి. కొండ కింద పూజ చేయించుకున్న కొత్త కారుకు తాత్కాలిక నంబరు, దాని మీద పూలదండ! ఇలాంటి ఫొటోలను యంత్రానికి వదిలేయకుండా మనిషి చూసి పక్కన పెట్టాలి. తమిళనాడు, కర్ణాటక బండ్ల యజమానుల వివరాలు కేంద్రం నడిపే బండ్ల రిజిస్ట్రేషన్ల జాబితా వాహన్‌లో దొరుకుతాయి కానీ పాత చిరునామాకు పోయిన నోటీసు తిరిగొస్తుంది. 15 రోజుల గడువు మాత్రం ఆగదు.