లైసెన్సుపై చివరి మాట కోర్టుదా, రవాణా శాఖదా?

కోర్టులో తప్పు ఒప్పుకొని జరిమానా కట్టిన డ్రైవరుకు, తరువాత రవాణా శాఖ నుంచి లైసెన్సు సస్పెన్షన్ నోటీసు వస్తే అది ఒకే తప్పుకు రెండో శిక్ష కాదా అన్న వాదం విజయనగరంలోనూ, 2022 దాకా ఆ జిల్లాలోనే ఉన్న సాలూరులోనూ లారీ కార్మికుల మధ్య మళ్లీ రాజుకుంది.

శిక్ష పడిన డ్రైవరును అనర్హుడిగా ప్రకటించే అధికారాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 20వ సెక్షను కోర్టుకు ఇచ్చింది. తాగి నడిపిన కేసులో కనీసం 6 నెలలు, ప్రమాదం తరువాత బాధితుణ్ణి పట్టించుకోకుండా వెళ్లిపోయిన కేసులో కనీసం ఒక నెల అనర్హత తప్పనిసరి. మిగతా చాలా కేసుల్లో అనర్హత ఎంతకాలమో, ఏ తరగతి వాహనాలకో న్యాయమూర్తే తేల్చవచ్చు. లారీ నడపకుండా ఆపి, ఇంటి అవసరాలకు మోటారు సైకిల్ నడుపుకోనివ్వడానికి కూడా ఆ సెక్షనులో చోటుంది.

ఈ వివాదానికి అసలు మూలం 2015లో ఉంది. జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ, మితిమీరిన వేగం, ఓవర్‌లోడు, మొబైల్ వాడకం వంటి తప్పులకు లైసెన్సును కనీసం 3 నెలలు సస్పెండ్ చేయాలని ఆ ఏడాది రాష్ట్రాలను ఆదేశించింది. అందుకు ఆధారం కోర్టు అధికారం కాదు, లైసెన్సింగ్ అధికారికి 19వ సెక్షను ఇచ్చిన అధికారం. దానికి శిక్ష పడేదాకా ఆగనక్కరలేదు. మనిషినీ సందర్భాన్నీ చూసి కొలవాల్సిన నిర్ణయం అప్పటి నుంచి ముందే కొలిచిపెట్టిన గడువుగా మారింది.

డ్రైవర్ల మాటలో బలముంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే లారీలో ఎన్ని టన్నులు వేయాలో సాధారణంగా చెప్పేది యజమాని, సరుకు పంపేవాడు. సస్పెండయ్యేది మాత్రం స్టీరింగు పట్టినవాడి కార్డు. ట్రిప్పు బత్తా మీద బతికే ఇంటికి మూడు నెలలంటే మూడు నెలల తిండి.

2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారని, సస్పెన్షన్ శిక్ష కాదు, నివారణ చర్య అని అధికారుల వైపు వాదన.

అయితే ఆ 19వ సెక్షనే, డ్రైవరు చెప్పేది వినకుండా ఉత్తర్వు ఇవ్వకూడదంటుంది. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలుకు వీలిస్తుంది. రాయపూర్ ట్రిప్పులో ఉన్న మనిషికి బదులు ఊళ్లో ఇంట్లోవాళ్లు కవరు అందుకుంటే, అతను తిరిగొచ్చి చదివించుకునే సరికి ఆ గడువులో ఎన్ని రోజులు మిగులుతాయన్నదే ఇప్పుడు సాలూరు డ్రైవర్లు అడుగుతున్నది.