డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు: ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల అపోహలు, వాస్తవాలు

కడపలో ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునేవాళ్లకు ఖాతాలు తెరిచిపెట్టడం, ఫొటోలు, ధరలు, జీఎస్టీ, పార్సిళ్లు, రిటర్న్‌ల లెక్కలు చూడటం నా పని. మాధవరంలో మగ్గం ఇళ్లవాళ్లు, ప్రొద్దుటూరు బట్టల కొట్లవాళ్లు, బదిలీ అయి బీరువా అమ్ముకుని పోదామనుకునే ఉద్యోగులు, ఇలా రకరకాల మనుషులు వస్తారు. ఈ మధ్య వచ్చేవాళ్లలో చాలామంది అమ్మకాలు పెంచమని రావడం లేదు. "కొంటానన్నోడే ముంచినాడన్నా" అంటూ వస్తున్నారు. కొత్తగా అమ్మేవాళ్లకు కొనేవాడంటే దేవుడే. ప్రకటన పెట్టి రోజులు గడిచినా ఎవరూ పలకరించక, చివరికి ఒక ఫోన్ మోగితే ఆ సంతోషంలో అవతలివాడు ఏది చెబితే అది చేస్తారు.

కింద రాసిన అపోహల్లో మొదటిదే అన్నిటికన్నా ముఖ్యం. మిగతావి చదివే ఓపిక లేకపోయినా ఫర్వాలేదు. అదొక్కటి చదవండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే చదివి వినిపించండి.

అపోహ: డబ్బు మన ఖాతాలో పడాలంటే మనం కూడా స్కాన్ చేయాలి, పిన్ కొట్టాలి, ఏదో ఒకటి నొక్కాలి.

వాస్తవం: ఏమీ చేయక్కర్లేదు. మీ ఫోన్ నంబరో, యూపీఐ ఐడీయో, మీ క్యూఆరో అవతలివాడికి ఇస్తే మీ పని అయిపోయినట్టే. యూపీఐ పిన్ అడిగేది డబ్బు బయటికి పోయేటప్పుడు, లేదా బ్యాలెన్స్ చూసుకునేటప్పుడు. డబ్బు లోపలికి వచ్చేటప్పుడు అడగదు. వాడు పంపిన క్యూఆర్‌ను మీరు స్కాన్ చేశారంటే మీరు వాడికి కట్టబోతున్నారన్నమాట.

"ఇది అందరికీ తెలిసిందే కదా" అంటారు. తెలిసిందే. తెలిసినవాళ్ల డబ్బే పోతోంది. ఎలా పోతోందో చెబుతాను.

మాకు తెలిసిన ఒక అక్క బట్టలు కుడుతుంది. కొత్త కుట్టుమిషన్ కొనుక్కుని, మోటారున్న పాతదాన్ని 9,500కు ప్రకటనలో పెట్టింది. సాయంత్రానికి ఫోన్ వచ్చింది, హిందీలో. తాను ఆర్మీలో ఉన్నానని, కడపకు బదిలీ అయిందని, భార్యకు మిషన్ కావాలని. వెనకాలే వాట్సాప్‌లో యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు. బేరం ఆడలేదు. "మా ఆర్మీ ఖాతా నుంచి డబ్బు పంపాలంటే ముందు మీ ఖాతా సరిచూడాలి. ఐదు రూపాయలు కొట్టండి, పది వస్తాయి" అన్నాడు. ఈమె ఐదు కొట్టింది. పది వచ్చాయి. ఆ పది రూపాయలతోనే నమ్మకం కుదిరిపోయింది.

తర్వాత ఒక క్యూఆర్ వచ్చింది. దాని కింద పెద్ద అక్షరాలతో "9,500 రిసీవ్డ్" అని ఉంది. నేను ఆమె ఫోన్‌లో ఆ బొమ్మ చూశాను. ఆ అక్షరాలు యాప్ రాసినవి కావు, వాడు బొమ్మ మీద టైపు చేసుకున్నవి. స్కాన్ చేశాక యాప్ చూపించేది వేరే: డబ్బు ఎవరి పేరుకు పోతోంది, ఎంత, మీ ఏ ఖాతా నుంచి. అన్నీ తెర మీదే ఉంటాయి. కానీ చదివే తీరిక వాడివ్వడు. ఫోన్ కట్ చేయనివ్వడు. స్పీకర్‌లో "మేడమ్, జల్దీ, టైమ్ అవుట్ హో జాయేగా" అంటూనే ఉంటాడు. ఈమెకు హిందీ అంతంత మాత్రం. అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటపడి పిన్ కొట్టేసింది.

9,500 పోయింది. వాడు ఫోన్ పెట్టేయలేదు. ఇలాంటి కేసుల్లో పెద్ద నష్టం జరిగేది ఇక్కడే. "అయ్యో, సర్వర్ తప్పు మేడమ్, రివర్స్ అవుతుంది. 19,000కు మళ్లీ స్కాన్ చేయండి, పోయినవీ మిషన్ డబ్బులూ కలిసి వస్తాయి" అన్నాడు. మొదటిసారి స్కాన్ చేసింది అమ్ముడుపోయిందన్న ఆశతో. రెండోసారి చేసేది పోయినవి వెనక్కి రావాలన్న భయంతో. భయంలో ఉన్న మనిషి తెర అసలే చదవడు. ఒకే పూటలో మూడేసి సార్లు స్కాన్ చేసినవాళ్లను చూశాను, వాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ అక్క ఖాతాలో అంత డబ్బు లేదు కాబట్టి అది జరగలేదు. "లేకపోవడమే మేలైంది లేన్నా" అంది.

ఆర్మీవాళ్ల ఖాతా అయినా, మన పక్కింటివాళ్ల ఖాతా అయినా యూపీఐ పనిచేసే తీరు ఒక్కటే. వాళ్లకంటూ వేరే పద్ధతి లేదు. వాట్సాప్‌లో వచ్చే ఐడీ కార్డు దేనికీ రుజువు కాదు, చాలాసార్లు అది ఇంకెవరి దగ్గరో కొట్టేసింది. ఇంకో గుర్తు చెబుతాను. మన ఊళ్లో బేరమాడకుండా వంకాయలు కూడా కొనరు. బీరువా ఫొటో చూసి తాళం పడుతుందా, తుప్పుందా, ఎన్నో అంతస్తు, దించేదెవరు, ఆటో బాడుగ ఎవరిది అని ప్రాణం తీసేవాడు నిజంగా కొనేవాడు. చూడకుండా, అడక్కుండా, చెప్పిన రేటుకే "ఓకే, డన్" అనేవాడితో జాగ్రత్తగా ఉండాలి.

ఇదే మోసం వేరే పేర్లతో కూడా వస్తుంది. మీ ఖాతా పర్సనల్, దాన్ని బిజినెస్‌గా మార్చాలంటే కొంచెం కట్టండి, తిరిగి వస్తుంది అంటారు. కొరియర్ అబ్బాయి డబ్బు కవరుతో బయల్దేరాడు, దాని ఇన్సూరెన్స్ మీరు కట్టండి అంటారు. ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోండి, మేమే సెట్ చేస్తామంటారు. ఇది మరీ ప్రమాదం, మీ తెరంతా వాడికి కనిపిస్తుంది. అమ్మేవాడు ముందుగా డబ్బు కట్టాల్సి వచ్చిందంటే అది అమ్మకం కాదు.

అపోహ: ఎవడో ఒక్క రూపాయి వేస్తాడు, మనం బ్యాలెన్స్ చూసుకోవడానికి పిన్ కొట్టగానే ఖాతా మొత్తం ఖాళీ అవుతుంది.

వాస్తవం: ఈ ఫార్వర్డ్ నాకు ఎంతమంది పంపారో లెక్కలేదు. దయచేసి ఇక పంపకండి. బ్యాలెన్స్ చూడటానికి కొట్టిన పిన్ బ్యాలెన్స్ చూపిస్తుంది, అంతే. ఎవరో డబ్బు అడుగుతూ పెట్టిన రిక్వెస్ట్‌కు అది దానంతటదే ఒప్పుకోదు. ఆ రిక్వెస్ట్ మీరు తెరవాలి, కట్టడానికి ఒప్పుకోవాలి, దానికి విడిగా పిన్ కొట్టాలి. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ కూడా 2025 మొదట్లో ఈ సంగతి వివరించింది. పైగా మనిషికీ మనిషికీ మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు.

ఈ పుకారంటే నాకు ఇంత కోపం ఎందుకంటే, అమ్మేవాడిని కాపాడే పనే అది చేయనివ్వడం లేదు. డబ్బు వచ్చిందో లేదో తేల్చేది బ్యాలెన్స్ ఒక్కటే. అది చూడటానికి భయపడేవాళ్లు స్క్రీన్‌షాట్‌ను నమ్ముతున్నారు.

అపోహ: స్క్రీన్‌షాట్ వచ్చింది, మెసేజ్ కూడా వచ్చింది. డబ్బు వచ్చినట్టే.

వాస్తవం: రాలేదు. మీ ఖాతాలో కనిపిస్తేనే వచ్చినట్టు. ఆకుపచ్చ టిక్కు, టింగుమనే శబ్దం, పన్నెండు అంకెల రిఫరెన్స్ నంబరుతో సహా చూపించే నకిలీ యాప్‌లున్నాయి. మీ ఎదుటే నిలబడి ఫోన్ తిప్పి చూపిస్తారు. మెసేజ్ అయితే మరీ తేలిక. బ్యాంకు మెసేజ్ బ్యాంకు పేరుండే అక్షరాల ఐడీ నుంచి వస్తుంది గానీ, మామూలు పది అంకెల సెల్ నంబరు నుంచి రాదు. "సర్వర్ స్లో, అరగంటలో పడుతుంది, బస్సు టైమైంది" అంటే ఆ అరగంట కూర్చోబెట్టి టీ ఇప్పించండి. నిజంగా కట్టినవాడు కూర్చుంటాడు.

"1,500 బదులు 15,000 కొట్టేశాను, మిగతాది వెనక్కి వేయండి" అనేది దీనికి తోబుట్టువు. ముందు బ్యాలెన్స్ చూడండి. చాలాసార్లు ఏమీ పడి ఉండదు. ఒకవేళ నిజంగానే పడి ఉంటే, మీరు మాత్రం వాడు చెప్పిన కొత్త నంబరుకు పంపకండి. తన బ్యాంకులో ఫిర్యాదు పెట్టుకోమనండి, మీ బ్యాంకుకు మీరూ చెప్పండి. డబ్బు వచ్చిన దారిలోనే తిరిగి పోవాలి.

అపోహ: క్యాష్ ఆన్ డెలివరీ పెడితే ఏ టెన్షనూ ఉండదు.

వాస్తవం: డబ్బు టెన్షన్ ఉండదు, సరుకు టెన్షన్ ఉంటుంది. ఆర్డర్ పెట్టి పార్సిల్ వచ్చేసరికి ఫోన్ ఎత్తరు. సరుకు తిరిగొస్తుంది, సొంతంగా అమ్ముకునేవాళ్లకు రానూపోనూ ఖర్చు చేతి నుంచే. కొరియర్ ఖర్చు వరకైనా ముందే తీసుకోండి. ఆ కాస్త కట్టడానికి ఇష్టపడనివాడు పార్సిల్ కూడా తీసుకోడు.

అపోహ: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని రాసేస్తే చాలు.

వాస్తవం: పాడైపోయిన సరుకో, ఒకటి చూపించి ఇంకొకటో పంపితే ఆ రాత మిమ్మల్ని కాపాడదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాపసు తీసుకోవాల్సిందే. మిమ్మల్ని కాపాడేది వీడియో. ప్యాక్ చేసేటప్పుడు సరుకు, సీరియల్ నంబరు, అతికించిన లేబుల్ ఒకే వీడియోలో పడాలి. రిటర్న్ వచ్చినప్పుడు కవరు మీది ట్రాకింగ్ నంబరు ముందు చూపించి, ఆ తర్వాత కోసి, ఎక్కడా ఆపకుండా తీయాలి. రిటర్న్‌లో నష్టపోయిన అమ్మకందారు పరిహారం అడిగే అమెజాన్ సేఫ్-టీ క్లెయిమ్ లాంటివాటికి గడువుంటుంది. తిరిగొచ్చిన పార్సిళ్లను మూలన పడేసి నెలకోసారి విప్పే అలవాటుంటే మానుకోండి.

చీరలవాళ్లకు ఒక మాట. పెళ్లికి కట్టుకుని వాపసు పంపే మహాతల్లులు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. చీర కింది అంచును వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. ఫాల్ కుట్టి విప్పి ఉంటే సన్నటి సూది రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. దాన్ని దగ్గర నుంచి ఫొటో తీసి క్లెయిమ్‌కు జత చేయండి. పంపే ముందే పైట కొంగు మీద కనబడేలా ట్యాగ్ కట్టండి. అది తెంపకుండా కట్టుకోలేరు, తెంపితే వాపసు లేదని ముందే రాయండి.

అన్నట్టు, కొన్నవాడి మీద మనం వినియోగదారుల కమిషన్‌కు పోలేం. అది కొన్నవాళ్ల కోసం పెట్టింది. మోసం జరిగితే మన దారి పోలీసులే.

అపోహ: డబ్బు నిజంగానే ఖాతాలో పడింది, ఇంక మనకేం భయం.

వాస్తవం: ఇది కొత్త తలనొప్పి, ముఖ్యంగా సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, బంగారం అమ్మేవాళ్లకు. మోసగాడు మీ దగ్గర ఫోన్ కొంటాడు. డబ్బు మాత్రం ఎక్కడో వేరే రాష్ట్రంలో వాడు మోసం చేసిన మనిషి ఖాతా నుంచి మీకు పడుతుంది. ఆ మనిషి ఫిర్యాదు చేస్తే డబ్బు ఎటు పోయిందో చూసుకుంటూ వచ్చి మీ ఖాతాలో ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతా మొత్తాన్నే ఆపేస్తారు. మీరు తప్పు చేయలేదు, అయినా కరెంటు బిల్లు కూడా కట్టలేరు.

అందుకే డబ్బు పడగానే మొత్తం ఒక్కటే కాదు, పంపినవాళ్ల పేరు కూడా చూడండి. ఎదురుగా నిలబడినవాడొకడు, డబ్బు పంపిందింకొకరు అయితే ఎందుకని అడగండి. "మా ఫ్రెండ్ వేస్తాడు" అంటే, ఆ ఫ్రెండ్‌తో నీ ఖాతాలో వేయించుకుని నువ్వు వేయి అనండి. చిన్న అమ్మకానికైనా పేరు, ఊరు, ఫోన్ అయితే దాని ఐఎంఈఐ (గుర్తింపు) నంబరుతో బిల్లు రాయండి.

ఇప్పటికే ఖాతా ఆగిపోయి ఉంటే కంగారు పడకండి. ఆగిందంటే మిమ్మల్ని దొంగన్నారని కాదు. ఆపమన్న ఆదేశం ఏ పోలీస్ స్టేషన్ నుంచి వచ్చింది, ఫిర్యాదు నంబరు ఎంత, ఎంత మొత్తం అన్నది బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. బిల్లు, కొరియర్ రసీదు, చాట్‌లు జతచేసి ఆ స్టేషన్ అధికారికి పంపండి. మధ్యలో "అన్‌ఫ్రీజ్ చేయిస్తాం" అంటూ వచ్చే బ్రోకర్లకు పైసా ఇవ్వకండి.

అపోహ: తొమ్మిది వేలకు పోలీసులు పట్టించుకోరు. పరువు పోవడం తప్ప లాభం లేదు.

వాస్తవం: సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడానికి మొత్తం పెద్దదై ఉండాలన్న నియమం లేదు. పోయిందని తెలిసిన నిమిషంలోనే చేయండి. వాడు ఆ డబ్బును ఇంకో ఖాతాకు మార్చేలోపో, ఏటీఎంలో తీసేలోపో ఆపించడానికే ఆ నంబరు ఉంది. పోయిన మొత్తం, టైము, పన్నెండు అంకెల రిఫరెన్స్ నంబరు, వాడి ఫోన్ నంబరు చేతిలో పెట్టుకోండి. లైను దొరక్కపోతే ఊరుకోకుండా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. మీ బ్యాంకుకూ వెంటనే చెప్పండి. కొనేవాడిలా నటించి ఇలా ముంచడం సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 66డి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడే నేరం. చాట్ డిలీట్ చేయకండి. సిగ్గుతో ముందు అదే చెరిపేస్తున్నారు, ముఖ్యంగా ఇంట్లో తిడతారని భయపడే ఆడవాళ్లు. ఇంట్లోవాళ్లకు నేను చెప్పేది, తిట్లు రేపు తిట్టుకోండి, ఈ పూట 1930కి ఫోన్ కలిపి ఇవ్వండి.

డబ్బు తిరిగొస్తుందా అంటే, అవతలి ఖాతాలో ఆగిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆగితే వచ్చే అవకాశం ఉంది, కాస్త తిరగాలి. ఆగకపోతే కష్టం. ఫిర్యాదు పెట్టాక "సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, ఫీజు కట్టి స్కాన్ చేయండి" అని ఇంకొకడు ఫోన్ చేస్తాడు. అతనికి మీ పేరు, పోయిన మొత్తం తెలిసి ఉన్నా సరే, ఫోన్ పెట్టేసి ఫిర్యాదు నంబరుతో నేరుగా స్టేషన్‌కు వెళ్లి అడగండి.